నాలుగు వేళ్ల నీళ్లు

2019 ఆగస్టు 30, శుక్రవారం

ఈ పుస్తకం తెరిచినవాడా, నీ చేతులతో నువ్వు చేసిన వస్తువు చివరికి ఎవరి గుమ్మం ముందుకు వెళ్లి నిలబడుతుందో ఒక్కసారైనా అడిగావా?

అడగలేదు. నాకు తెలుసు. నేనూ అడగలేదు. ఈ పుస్తకం తెరిచేది నేనొక్కడినే కాబట్టి ఇద్దరం ఒకేసారి దొరికిపోయాం.

సాక్ష్యం చెప్పేవాడు మొదటి నుంచి చెప్పాలి. నా పేరు ఏలియా. లక్షెట్టిపేట దగ్గర పుట్టాను. బొగ్గు బావిలో తట్ట మోస్తూ అక్షరాలు నేర్చుకున్నాను. నేను చదివిన మొదటి మాట బావి గోడ మీద ‘ప్రమాదం’. ఆ తర్వాత చదివింది వాక్యం, అంటే బైబిలు. మధ్యలో బడి లేదు. ఇప్పుడు ఖతార్‌లో, సముద్రం ఒడ్డున ఓడలు కట్టే యార్డులో, ఇనుము అతికే వెల్డర్ నంబర్ 47. ఓడలో ప్రతి అతుకు పక్కన దాన్ని అతికినవాడి నంబరు సుత్తితో కొట్టాలని ఇక్కడి రూలు. తీర్పు దినాన దేవదూతలకు ఇంతకంటే సులువైన పని ఉండదు.

యార్డులో సగం స్టేడియం ఇనుము, సగం ఓడ. పొద్దున మెట్ల కమ్మీ అతికినవాడు మధ్యాహ్నం యుద్ధనౌక తలుపు అతుకుతాడు. రెండింటికీ ఒకే రంగు ప్రైమర్. ఈ నోటుబుక్కు అల్ ఘర్రాఫాలో కొన్నాను, దీని అట్ట మీద కూడా ఫుట్‌బాల్ బొమ్మే. ప్రపంచ కప్పు ఆటకు ఇంకా మూడేళ్లుంది. ఓడకు మాత్రం టైము అయిపోయింది.

ఓడ ఎవరిదంటే చెప్పడం కష్టం. ఆర్డరిచ్చినప్పుడు ఆ దేశానికి ఒకటే ప్రభుత్వం. మేం అడుగు పలక వేసిన మూడో నెలలో రెండయ్యాయి. రెండూ ఓడ మాదే అంటున్నాయి. రెండూ చెరో కమాండరును పంపాయి. ఒకాయనకు గడ్డం ఉంది, ఒకాయనకు లేదు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడరు.

నేను తుపాకీ దిమ్మె కట్టలేదు. దేవుడు నన్ను దానికి దూరంగా ఉంచాడు. ఫోర్‌మన్ నాకిచ్చింది మంచినీళ్ల ట్యాంకు నంబర్ మూడు. దాహంగా ఉన్నవాడికి గిన్నెడు నీళ్లిచ్చినా ఫలం పోదని వాక్యం. నాది గిన్నెడు కాదు, నాలుగు టన్నులు.

ట్యాంకు కింద ఉన్నది గుండ్లు నిలవుంచే గది. ఇంకా ఖాళీ. నలువైపులా ఇనుము. అందులో ఒక్క హల్లెలూయ అంటే ఏడు తిరిగొస్తాయి. శుక్రవారం ఓవర్‌టైమ్ డ్యూటీలో జుమా నమాజు కోసం పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా పని ఆగుతుంది. ముస్లిం సోదరులు మసీదుకు వెళ్తారు. మేం పద్నాలుగు మందిమి ఆ గదిలోకి దిగుతాం. అదే మా సంఘం. ఊళ్లో చర్చీల కాంపౌండు ఉంది, కానీ అక్కడి పెద్దలు నన్ను ప్రసంగ వేదిక ఎక్కాలంటే పాస్టరు సర్టిఫికెట్ చూపించమన్నారు. ఇనుము అడగలేదు.

నా బిడ్డ ప్రమీల ఓడ ఆర్డరిచ్చిన ఆ దేశంలోనే ఒక రేవు పట్టణంలో, పిల్లల ఆసుపత్రిలో నర్సు. ఈ మాట రాయాల్సిన అవసరం లేదు. రాశాను.

సెప్టెంబరు 2

ఓడ వెనక పేరు మళ్లీ మారింది. జలంధర్ నా రూమ్మేటు, కోరుట్ల వాడు, పెయింటరు. నిచ్చెన మీద కూర్చుని పాత పేరు గీకుతున్నాడు.

“ఎన్నోసారి?” అన్నాను.

“ఆరోసారి. గడ్డపాయన పేరు పోయింది, నున్నటాయన పేరు వచ్చింది. ఏలియన్నా, ఒక్క ముచ్చట చెప్పు. నాకు అరబ్బీ రాదు. పువ్వు బొమ్మ ఏసినట్టు చూసి ఏస్తున్న. నేను ఒక్క గీత తప్పు గీస్తె ఓడ ఎవనిదైతది?”

“నీది.”

“అయితె ఎస్సారెస్పీ కాల్వల ఏసుకొని మా ఊరికి పోత. యుద్ధం గిద్ధం లేదు, మొక్కజొన్నకు నీళ్లు గొట్టుకుంట.”

నవ్వకూడదనుకున్నాను. నవ్వాను.

గడ్డం కమాండరు పేరున్న వారాల్లో యోనా మీద ప్రసంగం వస్తోంది నాకు. దేవుడు వద్దన్న ఓడ ఎక్కినవాడి గతి. నున్నటి కమాండరు పేరున్న వారాల్లో నెహెమ్యా మీద వస్తోంది. ఒక చేత్తో కత్తి, ఒక చేత్తో గోడ. ఆత్మ ఎలా నడిపిస్తే అలా. ప్రమీల ఉన్న రేవు నున్నటి కమాండరు వైపుది. దానికీ దీనికీ సంబంధం లేదు.

సెప్టెంబరు 4

ఫసీయుద్దీన్ మా తనిఖీ ఇన్‌స్పెక్టరు. బోధన్ మనిషి, తెలుగు, ఉర్దూ, అరబీ మూడూ వచ్చు. ఈరోజు కంపెనీ అతని బ్యాడ్జి మీద ‘ట్రాన్స్‌లేటర్’ అని కొత్త స్టిక్కరు అంటించింది. గడ్డం కమాండరు అరబీలో ఒక మాట అంటాడు. ఫసీ విని, రెండడుగులు నడిచి, నున్నటి కమాండరుకు అదే మాట అరబీలోనే చెప్తాడు. ఆయన అరబీలో జవాబిస్తాడు. ఫసీ మళ్లీ రెండడుగులు.

“మధ్యల ఏమన్న మారుస్తవా?” అని అడిగాను.

“తిట్లు తీసేస్త పాస్టర్ సాబ్. అవి తీసేస్తె ఇగ చెప్పేటందుకు ఏం మిగలదు. అందుకే వాతావరణం గురించి చెప్తున్న.”

లూర్దమ్మ ఫోన్ చేసింది, యార్డు సంగతి చెప్పాను. తెనాలి వైపు మనిషి. మదీనత్ ఖలీఫాలో ఆ కమాండర్లున్న విల్లాలో వంట చేస్తుంది. దేశం ఒకటిగా ఉన్నప్పుడు రెండేళ్ల అద్దెకు మాట్లాడుకున్న విల్లా. ఇద్దరూ ఖాళీ చేయలేదు.

“యార్డులో మాట్లాడుకోరా? ఏం చోద్యం అయ్యగారూ! ఇక్కడ ఒకే పళ్లెంలో తింటున్నారు. నిన్న పేకాటలో ఓడిపోయి గడ్డమాయన అలిగి అన్నం మానేస్తే, రెండో ఆయన వెళ్లి బతిమాలాడాడు.”

సెప్టెంబరు 6, శుక్రవారం

మహిమ! ఈరోజు ఒక ఆత్మ దొరికింది. నూట పది కిలోల ఆత్మ.

చిరంజీవి, మెట్‌పల్లి వాడు, క్రేన్ కింద తాళ్లు కట్టే పని. పెళ్లాం తరఫున విశ్వాసి, తాను మాత్రం పదేళ్లుగా వాయిదా వేస్తున్నాడు. ప్రసంగం మధ్యలో లేచి, “సోమవారం సంది నన్ను స్టేడియంల ఏస్తున్నరు. మీదికెళ్లి పడి సస్తె ఎట్ల? ఇయ్యాల్నే ముంచున్రి అయ్యగారు” అన్నాడు.

బాప్తిస్మానికి నీళ్లెక్కడివి? సముద్రం దగ్గరికి సెక్యూరిటీ వెళ్లనివ్వడు. అప్పుడు పైకి చూశాను. నా ట్యాంకు. పరీక్ష కోసం నిన్ననే అంచు దాకా నింపారు. పైమూత ఇంకా వేయలేదు. రథం ఆపి, ఇవిగో నీళ్లు, ఇంకేం అడ్డం అని అడిగిన ఆ ఐతియొపీయ అధికారి గుర్తొచ్చాడు. ఏం అడ్డం? ఏమీ లేదు.

ట్యాంకు నోటి దగ్గర కూర్చుని లోపలికి వెళ్లినవాళ్ల పేర్లు రాసే డ్యూటీ ఈరోజు జలంధర్‌ది. వాడు చెప్పులు విప్పకుండానే చూస్తూ, “మునుగుడు ఒక్కసారేనా, నెలనెలా ఉంటదా?” అన్నాడు.

“ఒక్కసారే. రెండోసారి మునిగితే అది స్నానం” అని గర్జించాను. సంఘం ఆమేన్ అంది.

చిరంజీవిని, నన్ను ఆ ట్యాంకు భరించలేకపోయింది. నీళ్లు నాలుగు పక్కలా పొర్లి, డెక్కు మీద పారి, కేబుళ్ల కోసం కోసిన రంధ్రాల్లోంచి కింద గుండ్ల గదిలో కురిశాయి. పైన చోటు లేక అక్కడే ఉండిపోయిన సోదరులు అది ఆశీర్వాదపు జల్లని చేతులెత్తారు.

తడి బట్టల గురించి ఎవడూ అడగలేదు. సెప్టెంబరు ఉక్కలో ఎవడు మునిగాడో ఎవడు పని చేశాడో తేల్చగలిగినవాడు ఈ దేశంలో ఇంకా పుట్టలేదు.

సెప్టెంబరు 7

ట్యాంకు నంబర్ మూడు ఫెయిల్.

పొద్దున ఏడింటికి కొలిచారు. నీళ్లు అంచుకు నాలుగు వేళ్లు కిందకున్నాయి. కింద గుండ్ల గది తడి. అంటే లీకు. అంటే రేపు గుండ్లు తడుస్తాయి. గడ్డం కమాండరు ఇది అవతలివాళ్ల కుట్ర అన్నాడు. నున్నటి కమాండరు ఇది ఇవతలివాళ్ల కుట్ర అన్నాడు. ఫసీ ఇద్దరికీ ఎండ ఎక్కువగా ఉందని చెప్పాడు.

ఫోర్‌మన్ టార్చి వేసి అతుకు పక్కన నంబరు చదివాడు. “ఫార్టీ సెవెన్.”

నా అతుకు లీకా! పదకొండేళ్ల సర్వీసులో నా అతుకు ఒక్కటి కూడా ఎక్స్‌రేలో ఫెయిల్ కాలేదు. రక్తం మండింది. లీకు లేదు, దొరా, ఇద్దరు మనుషులు మునిగి లేచారు, మనుషులెంతో నీళ్లూ అంతే పోయాయి, అంతే అని చెప్పేద్దామని ఆఫీసు తలుపు దాకా వెళ్లాను. తలుపు మీద ఓడ టైమ్‌టేబుల్ అంటించి ఉంది. నిన్ననే గడ్డం వైపు కాగితాలు నెగ్గాయట. ట్యాంకు పాసైతే బుధవారం బయల్దేరడం. మొదటి డ్యూటీ: ఏ ఓడా రాకుండా పోకుండా ఒక రేవును మూసెయ్యడం. రేవు పేరు ఇంగ్లీషులో ఉంది. కూడబలుక్కుని చదివాను. రెండోసారి కూడా ప్రమీల ఉన్న రేవు పేరే వచ్చింది.

తలుపు తట్టలేదు. రేపు చెప్తాను.

సెప్టెంబరు 8

చెప్పలేదు.

సెప్టెంబరు 9

ఫోర్‌మన్ పనిలో ఉన్నాడు. పనిలో ఉన్నవాణ్ని కదిలించకూడదు.

సెప్టెంబరు 12

ఎక్స్‌రే తీశారు. అతుకు శుభ్రంగా ఉంది. రంగు నీళ్లు పూసి చూశారు. చుక్క కారలేదు. ఎక్కడి నుంచో ఒక నిపుణుడిని విమానంలో రప్పించారు. ఆయన రెండు రోజులు ట్యాంకును స్టెతస్కోపు లాంటి దానితో విని, కనిపించే లీకు చిన్నది, ఇది కనిపించడం లేదు కాబట్టి చాలా పెద్దది అని తేల్చాడు. ఇద్దరు కమాండర్లూ తలూపారు. మొదటిసారి ఒకేలా ఊపారు.

నా 47 ముద్ర గుంజుకున్నారు. స్టేడియం కుర్చీల కింద కాళ్లు అతికే పనికి పంపారు. అక్కడ ముద్ర అక్కర్లేదు, ఎవరు అతికినా ఒకటే. చిరంజీవి క్రేన్ కింద నుంచి నన్ను చూసి నవ్వాడు. “గిదే నా కొత్త జన్మనా అయ్యగారు?”

అబద్ధం మీద నేను చెప్పినన్ని ప్రసంగాలు ఈ గల్ఫ్‌లో ఎవడూ చెప్పి ఉండడు. నేను అబద్ధం చెప్పలేదు. ఎవరూ నన్ను ‘నువ్వు ట్యాంకులో మునిగావా’ అని అడగలేదు. అడిగితే చెప్తాను.

సెప్టెంబరు 17

భూమవ్వ ఫోన్. ముప్పై ఏళ్ల కాపురం, ఇంకా పటం చూపించలేకపోయాను.

“టీవీల బాంబులు చూపిస్తున్నరు. పిల్ల ఉన్నకాడనేనట.”

“అది వేరే దేశం.”

“ఏం వేరే? నువ్వు దుబాయ్‌ల ఉన్నవ్, అది దుబాయ్‌ల ఉన్నది. ఇద్దరు దుబాయ్‌లనే ఉండి, పోయి బిడ్డను తోల్కరానీకి నీకు తీరుబడి లేదు. శుక్రారం సెలవే గద? బస్సెక్కి పో.”

“బస్సు పోదు భూమీ. నడుమ సముద్రం ఉన్నది.”

“నువ్వు ఓడలు కడుతున్ననంటివి గద. ఓడల పో.”

ఫోన్ పెట్టేశాను. ఓడ మొదలుపెట్టిన ఈ పద్నాలుగు నెలల్లో నాకీ మాట ఎవరూ చెప్పలేదు. నేను కట్టిన ఓడ నా బిడ్డ దగ్గరికే వెళ్తుంది. నిజమే.

సెప్టెంబరు 18

ప్రమీల దొరికింది. మూడు నిమిషాలు.

“బాపూ, తిన్నవా?”

“నువ్వు తిన్నవా బిడ్డా? వచ్చేయ్.”

“ఎట్ల రావాలె? పదకొండు పెట్టెలున్నయ్ బాపూ, నెల తక్కువ పిల్లలవి. కరెంటు లేదు, జనరేటర్ మీద నడుస్తున్నయ్. ఇద్దరమే నర్సులం. ఎవల్ని ఇడిచిపెట్టి రమ్మంటవ్, పేరు చెప్పు.”

పేర్లు నాకెలా తెలుస్తాయి?

“నువ్వేం కడుతున్నవ్ ఇప్పుడు?” అని అడిగింది.

“స్టేడియం బిడ్డా. కుర్చీలు.”

పద్నాలుగు నెలలుగా ఇదే చెప్తున్నాను. ఈ వారం నుంచి ఇది నిజం. దేవుడు నా మాటను వెనక నుంచి వచ్చి సరిచేశాడు.

సెప్టెంబరు 20, శుక్రవారం

కూడిక గుండ్ల గదిలో కాదు, స్టేడియం ఇనుము వెనక. అక్కడ మాట తిరిగి రాదు, ఇసుకలోకి పోతుంది. వాక్యంలో నోరు మూసుకున్నవాళ్ల జాబితా తీస్తున్నాను. జెకర్యా, కొడుకు పుట్టేదాకా తొమ్మిది నెలలు. ఆయనకు దేవుడే మూయించాడు. నాకూ అంతే అనుకుంటున్నాను.

నాకు ఆ గది కావాలనిపిస్తోంది. ఓడ ఆగినందుకు సంతోషమా, నా సంఘానికి ఇల్లు నిలిచినందుకు సంతోషమా అని ఆత్మ అడిగింది. బిడ్డ కోసమే అన్నాను. వెంటనే అన్నాను. మరీ వెంటనే అన్నాను.

సెప్టెంబరు 27, శుక్రవారం

ఈరోజు నుంచి ప్రమీల కోసం, ఆ పదకొండు పెట్టెల కోసం ఇరవై ఒక్క రోజుల ఉపవాసం ప్రకటించాను. దానియేలు ఉన్నన్ని రోజులు. పొద్దు గుంకేదాకా నీళ్లు తప్ప ఏమీ లేదు. సాయంత్రం ఒక్క రొట్టె. పద్నాలుగు మందీ చేతులెత్తారు. చిరంజీవి చెయ్యి అన్నిటికంటే ఎత్తుగా లేచింది. వాడి ఆకలి తెలిసినవాళ్లం, మాకు కళ్లనీళ్లు ఆగలేదు.

అక్టోబరు 3

ఆకలి.

అక్టోబరు 8

లూర్దమ్మ ఫోన్.

“అయ్యగారూ, రేవు ఊరోళ్లు మాకు మీరూ వద్దు వాళ్లూ వద్దు అని జెండా పీకేశారంట. ఇద్దరు కమాండర్లూ కావలించుకున్నారండీ నా వంటగదిలో! ముందు కలిసి ఆ ఊరి పని పడదాం, ఆ తర్వాత మనం మనం కొట్టుకుందాం అంటున్నారు. నాచేత పాయసం చేయించారు.”

నెహెమ్యా, యోనా, రెండు ప్రసంగాలూ చించేశాను. ఓడ నున్నటాయనదైతే బిడ్డకు ఏం ఫరవాలేదు అని నన్ను నేను మోసగించుకోవడానికి ఇన్నాళ్లూ ఒక కమాండరన్నా ఉన్నాడు. ఇప్పుడు ఆయన కూడా లేడు.

సాయంత్రం జలంధర్ చేతులు కిరోసిన్‌తో కడుక్కుంటూ చెప్పాడు. “కొత్త పేరు. ‘ఐక్యత’ అట. బొమ్మ మంచిగుంది, వంపులెక్కువ.”

అక్టోబరు 12

రిపేరు కాగితం మీద ఇన్నాళ్లకు ఇద్దరు కమాండర్లూ సంతకం పెట్టారు. నన్ను ఓడ మీదికి మళ్లీ పిలిచారు. 47 చేసిన తప్పు 47 దిద్దాలని రూలు. లేని లీకును కోసి తీసి, మళ్లీ అతకాలి. ముద్ర చేతికిచ్చారు.

ఇదే దేవుడిచ్చిన దారి అనుకున్నాను. ఒక్క చోట చెయ్యి వణికిస్తే చాలు, వెంట్రుకంత సందు వదిలితే చాలు, నిజంగానే కారుతుంది. మూడుసార్లు ప్రయత్నించాను. కరెంటు తగ్గించాను, కడ్డీ దూరం పట్టాను. చెయ్యి వినలేదు. చెడగొడదామని మొదలుపెట్టిన చోట కూడా అతుకు చేప పొలుసుల్లా నున్నగా వచ్చింది. ఈ నోరు ఎన్ని వంకలైనా చెప్తుంది. ఈ చెయ్యి ఒక్క వంక నేర్చుకోలేదు.

పక్కన 47 కొట్టాను. గట్టిగా కొట్టాను.

అక్టోబరు 15

ప్రమీల. శబ్దం తెగుతూ వచ్చింది.

“బాపూ, మమ్ముల తీస్కపోనీకి సాయం చేసెటోళ్ల ఓడ వస్తున్నదట! ఇరవై మూడుకు. ఆసుపత్రి మొత్తం ఎక్కిస్తరట. పెట్టెలు గూడ. జనరేటర్ గూడ. ఒక్క వారం ఆగితె అయిపోయె. నువ్వు అమ్మకు చెప్పు, ఏడుసుడు బంద్ జేయమను.”

ఇరవై మూడు.

అక్టోబరు 17, మధ్యాహ్నం

ఉపవాసం చివరి రోజు. ట్యాంకు మళ్లీ అంచు దాకా నింపారు. శనివారం పొద్దున ఏడింటికి కొలుస్తారు. పాసైతే పదింటికి ‘ఐక్యత’ బయల్దేరుతుంది. ఆ రేవుకు మూడు రోజుల దారి. ఇరవై రెండున చేరి, మూసేస్తుంది. బిడ్డ ఓడ ఇరవై మూడున వస్తుంది. ఫెయిలైతే కోసి, అతికి, నింపి, కొలవడానికి ఇంకో వారం పడుతుంది. ఆ వారం చాలు.

ఫసీయుద్దీన్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఖర్జూరం ఇచ్చాడు, ఉపవాసమని గుర్తొచ్చి తానే తినేశాడు.

“పాస్టర్ సాబ్, పోయిన నెల ఆరో తారీఖు నాడు ట్యాంకు అంచు మీద తడి చెయ్యి అచ్చు చూసిన. పెద్ద చెయ్యి. క్రేన్ తాళ్లు పట్టే చెయ్యి.”

చుట్టూ చూశాను. “ఎవరికన్న చెప్పినవా?”

“నా ఫారంల ఒక్కటే గడి ఉన్నది. నీళ్లు ఎంత తగ్గినయ్. ఎవడు మునిగిండు అని గడి లేదు. లేని గడిల నేనేం రాయాలె?” ఖర్జూరం గింజ ఇసుకలో పారేశాడు. “మీ బిడ్డ ముచ్చట జలంధర్ చెప్పిండు. నాకు గూడ ఇద్దరు బిడ్డలే. కని ఒకటి వినున్రి. కమాండర్లకు ఇప్పుడు తొందర. నాలుగు వేళ్ల దాకా తగ్గినా ఎండకు ఆవిరైనట్టే రాయాలె అని ఇద్దరు సంతకం పెట్టిన్రు. ఈసారి నాలుగు సరిపోదు. ఐదు దాటాలె.”

చిరంజీవి వైపు చూశాను. నీడలో గోడకు ఆనుకుని ఉన్నాడు. ప్యాంటు తాడుతో కట్టుకున్నాడు. నూట పది కిలోలు మెట్‌పల్లి నుంచి తెచ్చుకున్నవి. ఇరవై ఒక్క రోజుల్లో ఇరవై కిలోలు ప్రార్థనలో కరిగించేశాడు. సంఘమంతా వెదురు కర్రల్లా ఉంది. ప్రభువా, నీ దాసుడు ఏ బరువు కోసం రేపు వెతుక్కుంటాడో ఆ బరువునే మూడు వారాలుగా హల్లెలూయలతో తగ్గించాడు.

“బకీట్‌తోని తోడి పారబోయరాదా?” అన్నాడు జలంధర్.

కుదరదు. ఓడ మెట్ల దగ్గర ఇప్పుడు ఇద్దరు కాపలావాళ్లు ఉన్నారు, చెరో వైపు నుంచి ఒకడు. ఒకణ్ని లోపలికి పోనివ్వడానికి ఇంకొకడు ఒప్పుకోడు, అందుకని ఇద్దరూ మెట్ల దగ్గరే కూర్చుని వచ్చేపోయే వాళ్ల చేతుల్లో నీళ్ల సీసా కూడా గుంజుకుంటారు. అసలు సంగతి అది కూడా కాదు. బకెట్‌తో తోడితే అది మోసం. మునిగితే అది ఆరాధన. ఈ తేడా జలంధర్‌కు అరగంట వివరించాను.

“సమజైంది. నువ్వు చేస్తె భక్తి, బకీట్ చేస్తె పాపం. సరే తియ్యి, నేను గూడ దిగుత. మీ ఉపాసాలల్ల కలవని పొట్ట నాదొక్కటే ఉన్నది, ఎనబై ఆరు కిలోలు. కని పేరు గీరు మార్చకున్రి, నాకు మా మల్లన్న ఉన్నడు.”

పేరు మార్చను అన్నాను. ఒకసారి మునిగినవాడు మళ్లీ మునగకూడదని నేను గర్జించిన మాట? దాన్ని వాక్యంలో ఎక్కడ చదివానో వెతికాను. నయమాను అనే సైన్యాధిపతి యొర్దానులో ఏడుసార్లు మునిగాడు. సైన్యాధిపతే. ఏడుసార్లు. ఇన్నేళ్లు నా కళ్లు ఎక్కడున్నాయి?

అక్టోబరు 18, శుక్రవారం, పొద్దున టీ విరామం

ప్రమీలకు మెసేజ్ పెట్టాను. పద్నాలుగు నెలలు నేను కట్టింది కుర్చీలు కాదు బిడ్డా, మీ రేవుకు వస్తున్న ఓడ. నీళ్ల ట్యాంకు నాది. నంబర్ 47. చేరిందో లేదో తెలియదు, ఒకటే టిక్కు ఉంది.

దొరికిపోతే ఏమవుతుందో సంఘానికి దాచకుండా చెప్పాను. జైలు కావచ్చు. వీసా క్యాన్సిల్ కొట్టి ఇంటికి తోలడం మాత్రం ఖాయం. వద్దనుకున్నవాడు పైకి రావద్దన్నాను. ఒక్కడూ వెనక్కి తగ్గలేదు. చిరంజీవి మాత్రం, “అయ్యగారు, మునిగినంక ఇయ్యాల అన్నం తినొచ్చు గద?” అన్నాడు.

గుండ్ల గదిలో ఈరోజు గట్టిగా మాట్లాడకూడదు. మెట్ల దగ్గర కాపలా ఉంది. పదకొండేళ్లుగా అరిచిన నోటితో మొదటిసారి గుసగుసగా ప్రసంగం చెప్పాలి. తడబడకుండా ఇక్కడే రాసుకుంటున్నాను.

సోదరులారా, లేవండి. ముక్కులు మూసుకోండి, మనసులు కాదు. ఇన్నాళ్లు ఒక్కొక్కడినీ వేరుగా రక్షించుకోమని చెప్పాను. ఈరోజు అది చాలదు. ఒక్కొక్కడు దిగి ఒక్కొక్కడు లేస్తే ఒక్క మనిషి నీళ్లే పోతాయి, అది ఎండ ఖాతాలోకి వెళ్తుంది. ట్యాంకులో పట్టినంతమందిమి భుజం భుజం కలిపి ఒక్కసారే దిగాలి, నెత్తి దాకా ఒక్కసారే మునగాలి. మునిగినవాడు మళ్లీ రా. మునగనివాడు రా. మల్లన్నను మొక్కేవాడు ముందు రా, నువ్వే బరువు. తిన్నవాడు తిన్నందుకు సిగ్గుపడొద్దు, చిక్కినవాడు బూట్లతో దిగు. రేపు అనే మాట నేను ఆరు వారాలు వాడాను, అది పనికిరాని మాట. రేపు ఏడింటికి కొలబద్ద వస్తుంది. పదకొండు పెట్టెల్లో పదకొండు మంది ఊపిరి పీలుస్తున్నారు, మనం ఒక్క నిమిషం ఊపిరి బిగపట్టలేమా? జుమా నమాజు బాంగు వినిపిస్తోంది. ఓడ ఖాళీ అవుతోంది. ఇప్పుడే, ఈ గంటలోనే, యల్లా, దిగండి!